అంగుళముల ధర్మము

తుపాకి వెనుకభాగమునకు తగిలించు చేతిపట్టీ యొకటి పిస్తోలులోనిదా, రైఫిలులోనిదా యని అమెరికా దేశమున పండ్రెండేండ్లు తర్కము జరిగినదన్నచో మన పఠనమందిరములలో కూర్చుండు పెద్దలు నవ్వుదురేమో. నవ్వవలదని మా మనవి. ఆ తర్కమున చిక్కినవి లక్షల కుటుంబములు. ఆ తర్కపు బీజము మన శాసనమునందును నాటబడియున్నది.

సంగతి యిది. భుజమున కానించి కాల్చు రైఫిలు గొట్టము 16 అంగుళములకు తక్కువైనను, మొత్తము నిడివి 26 అంగుళములకు తక్కువైనను, దానిని ప్రభుత్వమునొద్ద నమోదు చేయించి 200 డాలర్ల పన్ను చెల్లింపవలెనని ఆ దేశమున శాసనముండెను. పిస్తోలునకు ఆ నిర్బంధము లేదు. కావున వర్తకులు రైఫిలు పోలికగల పొట్టి యాయుధమును మడమ లేకుండ చేసి పిస్తోలను పేర అమ్మసాగిరి. 2012లో, అంగవైకల్యముగల మాజీ సైనికుడు అట్టి బరువును ఒంటిచేత నిలుపుకొనుటకై, మోచేతికి చుట్టుకొను ఊతమొకటి కనిపెట్టబడెను. ఉద్దేశము మంచిదే. దానిని తగిలించినంత మాత్రమున పిస్తోలు రైఫిలు కాజాలదని ఆయుధశాఖవారు ఉత్తరము వ్రాసిరి. 2015లో, దానిని భుజమున కానించినచో రైఫిలగునని మరియొక ఉత్తరము. 2017లో ఆ మాటను సడలించుచు ఇంకొక ఉత్తరము. తుదకు 2023 జనవరిలో నూతన నిబంధన వెలువడి, అట్టి పిస్తోళ్లలో హెచ్చుభాగము రైఫిళ్లేయని తేల్చినది. నిన్న అంగడిలో రసీదుతో కొన్న వస్తువు నేడు పదియేండ్ల కారాగారమునకు హేతువగునట! అట్టి ఊతములు ముప్పది లక్షలుండునని ఆ శాఖయే అంచనా వేసినది. గడువులోపల నమోదైనవి సుమారు రెండున్నర లక్షలు. 2024 జూనులో టెక్సాసునందలి న్యాయస్థానము ఆ నిబంధనను నిర్హేతుకమని కొట్టివేసినది. 2025లో ఆ దేశపు కాంగ్రెసు 200 డాలర్ల పన్నును 2026 జనవరి 1 నుండి సున్న చేసినది గాని, పొట్టి రైఫిలును నమోదు చేయింపవలెనను విధి మాత్రము పోలేదు.

ఇందు దోషమెవరిది? వర్తకుని నిర్దోషియని మేమనజాలము. వికలాంగుని పేరుజెప్పి లక్షలకొలది అమ్మినవాడు తాను అమ్మునది దేనికో యెరుగడా? చట్టపు కంచెలో సందు వెదకి దానికి వెల కట్టినవాడతడు. అయినను అంతకంటె పెద్దదోషము, శాసనసభ చేయవలసిన పనిని గుమాస్తా ఉత్తరముచే చేయించిన ప్రభుత్వముది. దొంగ తెలివిగలవాడైనంత మాత్రమున న్యాయాధిపతి తన కొలబద్దను దినదినము మార్చుకొనవచ్చునా?

ఇక మన యింటి మాట. తెల్లప్రభుత్వము 1878లో మనలను నిరాయుధులను జేసినపుడు, తెల్లవారికి మినహాయింపు దొరికినది ఎచ్చట? శాసనమిచ్చిన అధికారమును బట్టి సర్కారువారు తమకు దామే వ్రాసికొన్న నిబంధనలలో! 1887లో మద్రాసున కూడిన కాంగ్రెసు మహాసభ ఆ శాసనపు కష్టములను గూర్చి తీర్మానము చేసినది. నిబంధనలచాటున జరుగు అన్యాయమెట్టిదో మనకు ఒకరు నేర్పనక్కరలేదు.

స్వతంత్రభారతము 1959లో చేసికొన్న ఆయుధశాసనము చాలవరకు స్పష్టమైనది. ఆత్మరక్షణకో, వేటకో 20 అంగుళములకు తక్కువకాని నునుపుగొట్టపు తుపాకికిని, పైరుకాపుకై నోటిగుండ మందు దట్టించు తుపాకికిని, ప్రతిబంధకమేమియు లేనిచో లైసెన్సు నీయవలెనని 13వ సెక్షను చెప్పుచున్నది. దివిసీమ లంకలలో పైరు కాచుకొను రైతునకు ఆ మాట చాలును. లైసెన్సు లేక గొట్టమును కురుచ చేయరాదనియు, బొమ్మతుపాకిని నిజపుతుపాకిగా మార్చరాదనియు 6వ సెక్షను. ఇదియు కమ్మరికొలిమివానికి సహితము అర్థమగు మాటయే.

2019 సవరణతో ఈ స్పష్టత చెడినది. 2016 ఆయుధనిబంధనలలో చెప్పిన ఒక తరగతి తుపాకిని మరియొక తరగతికి మార్చుటయు నేరమని చేర్చిరి. శిక్షయో, ఏడేండ్లకు తగ్గక యావజ్జీవము వరకు! మార్పును నిషేధించుట తప్పని మేమనము. కాని తరగతులను నిర్ణయించు నిబంధనలు ఎవరివి? ప్రభుత్వశాఖవి. ఆ శాఖ రేపు తరగతులు మార్చుకొని, శాసనమును మరల నిబంధనకు జతపరచినచో, మనుష్యుడు జీవితాంతము చెరసాలలో నుండవలయునా యను ప్రశ్నకు సమాధానము ఢిల్లీలోని గజెట్టుపుటలో దొరకును. అమెరికావాని పట్టీకథ మనకును పట్టదని ఎవరు పూచీపడగలరు?

కఠినశాసనము లేనిచో దుండగులు పెచ్చుపెరుగుదురని కొందరందురు. కఠినత వలదని మేమెచ్చట అంటిమి? దుండగుడు నిబంధనావళిని చదివి తుపాకి చేయడు. చదువనేరక చిక్కువాడు, తాతనాటి తుపాకికి విరిగిన మడమను మార్పించుకొనువాడు, ఆ మడమను చెక్కియిచ్చిన వడ్రంగి. మరమ్మతునకును మార్పునకును నడుమ గీత యేదియో వారికి తెలియవలదా?

మరియొక హెచ్చరిక. కృష్ణాజిల్లా యిండ్లలో అమెరికాకు బిడ్డను పంపని యిల్లు వెదకవలసి వచ్చుచున్నది. అచ్చటి అంగడులలో తుపాకి కూరగాయలవలె దొరకునని విని మోసపోవలదు. విద్యార్థి వీసాతోనో, తాత్కాలికోద్యోగపు వీసాతోనో ఉన్నవారు, వేటలైసెన్సు వంటి కొలది మినహాయింపులు దక్క, ఆయుధమును గాని గుండ్లను గాని కలిగియుండుటయే అచ్చట నేరము. 2022 నుండి శిక్ష 15 ఏండ్లవరకు. గొట్టపు పొడవును గూర్చియు, పట్టీని గూర్చియు తర్కించు హక్కు అచ్చటి పౌరునిది. మన పిల్లవానికి ఆ తర్కమే దొరకదు.

మా కోర్కెలు రెండు. యావజ్జీవశిక్ష గల నేరముల లక్షణమును పార్లమెంటు తన శాసనములోనే వ్రాయవలెను గాని నిబంధనలకు విడువరాదు; బందరు తరఫున ఢిల్లీలో కూర్చుండు సభ్యుడు ఈ సవరణను గూర్చి ప్రశ్న వేయుటకు ఆలస్యమెందుకు? రెండవది, 6వ సెక్షనును, తరగతుల పట్టికను, మరమ్మతు నియమములను తేటతెలుగున అచ్చొత్తించి నాగాయలంక, అవనిగడ్డ, గుడివాడ తహసీలు కచేరీలయందును, ప్రతి పఠనమందిరమునందును గోడకు వ్రేలాడదీయింపవలెను.