నమస్కారం తర్వాత, కబురు ముందు

జంషెడ్‌పూర్‌లో షిఫ్టు దిగి సాక్చి బజారులో ఆటో కోసం నిలబడ్డ మనిషి జేబులో ఫోన్ మోగింది. తీసి చూస్తే తెరమీద రెండు వరుసలు: ‘గౌరవనీయులైన సభ్యులందరికీ హృదయపూర్వక నమస్కారములు. తెలియజేయునది ఏమనగా...’ ఆ ఏమనగా దగ్గరే ఆగిపోయింది. ఆటో వచ్చింది, ఫోన్ జేబులోకి పోయింది.

తెలుగు సంఘాల మెసేజ్‌లు చాలావరకు ఇలాగే ఉంటాయి. శుభలేఖ మర్యాదలన్నీ ఫోన్‌లోకి వచ్చేశాయి, కబురు మాత్రం అడుగున పడింది.

ఎస్సెమ్మెస్ పుట్టుకే పొదుపులో ఉంది. 1980లలో జర్మన్ ఇంజనీరు ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ టైపు మిషన్ ముందు కూర్చుని, మామూలు వాక్యాలు కొట్టి అక్షరాలు లెక్కపెట్టాడు. 160 చాలనుకున్నాడు. అది ఇంగ్లీషు అక్షరాల లెక్క. తెలుగులో రాస్తే ఒక మెసేజ్‌కి 70 గుర్తులే. పైగా గుణింతానికో గుర్తు, వత్తు కలపడానికో గుర్తు. ‘శ్రీరామనవమి’ మన కంటికి ఆరక్షరాలు, ఫోన్‌కి 11 గుర్తులు.

జంషెడ్‌పూర్‌లో ఇంకో చిక్కుంది. టాటా ఉక్కు కంపెనీ 1907లో పుట్టింది. ఆ ఫ్యాక్టరీని నమ్ముకుని శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చిన కుటుంబాల్లో మనవలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు. బడిలో నేర్చింది మాత్రం హిందీ, ఇంగ్లీషు. అమ్మమ్మకు తెలుగు లిపి కావాలి, మనవడికి అదే తెలుగు ఇంగ్లీషు అక్షరాల్లో కావాలి. వాయిస్ మెసేజ్ పెడితే ఇద్దరికీ అర్థమవుతుంది గానీ, టైము మరిచిపోతే మళ్లీ మొదటినుంచీ వినాలి. రెండు లిపుల్లో రెండు వరుసలు పెట్టడమే మేలు.

పొట్టిగా ఎలా రాయాలో పుకార్లు పుట్టించేవాళ్లకు ముందే తెలుసు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందని 2017 మే నెలలో ఈ ప్రాంతమంతా వాట్సాప్‌లో పాకింది. 18న జంషెడ్‌పూర్ శివార్లలోని నాగాడీహ్‌లో, పక్క జిల్లా సరాయ్‌కేలా-ఖర్సావాఁలోని శోభాపూర్‌లో గుంపులు అమాయకుల మీద పడ్డాయి. రెండుచోట్లా మనుషులు చనిపోయారు. మరుసటి ఏడాది దేశంలో ఇలాంటి హత్యలు పెరిగాక, వాట్సాప్ ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది.

ఇలాంటి పుకారు పొట్టిగా ఉంటుంది, భయపెడుతుంది, వెంటనే నలుగురికీ పంపమంటుంది. అందులో ఫలానా రోజని ఉండదు, ఫలానా చోటని ఉండదు, చెప్పినవాడి పేరుండదు. నిజం చెప్పేవాళ్లు ఆ పొట్టితనం నేర్చుకుని, అందులో లేని రోజు, చోటు, పేరు మొదటి వరుసలోనే పెడితే చదివేవాడికి ఏది నిజమో పోల్చుకునే వీలుంటుంది.

మొదట ‘ఏమనగా’ దగ్గర ఆగిన మెసేజ్ శ్రీరామనవమి కబురే అనుకుని తిరగరాసి చూడొచ్చు: ‘శ్రీరామనవమి కల్యాణం ఆదివారం ఉదయం 10కి, బిష్టుపూర్ గుడిలో. భోజనం ఉంది.’ ఖాళీలు, చుక్కలతో కలిపి 69 గుర్తులు. పంపినవారి నంబరు సేవ్ చేసి ఉంటే పేరు ఫోనే చూపిస్తుంది. హృదయపూర్వక నమస్కారములు రెండో మెసేజ్‌లో తీరిగ్గా పంపుకోవచ్చు.