గ్రహణపుమొర్రి: తల్లిపై మోపిన నింద

పెదవి చీలి పుట్టిన శిశువును చూచి మనవారు గ్రహణపుమొర్రి యందురు. ఆ పేరులోనే రోగనిర్ణయమును, నేరారోపణమును ఇమిడియున్నవి. నేరము గ్రహణముదట, శిక్ష మాత్రము తల్లికి!

పురిటి మైల తీరకమున్నే పంచాంగము తిరుగవేయుదురు. గ్రహణదిన మొకటి దొరకెనా, ఆనాడు కోడలు వాకిట నిలిచెననియో, కత్తిపీట ముట్టెననియో విచారణ సాగును. ఆమె లేదన్నచో మరచినదందురు. సాక్ష్యమున్నను లేకున్నను తీర్పొక్కటియే యగు న్యాయస్థానమును చదువరులెందైన చూచిరా?

లోకమున ఇంచుమించు 700 జననములకు ఒక శిశువు పెదవియో, అంగిలియో, రెండునో చీలి పుట్టుచున్నదని వైద్యుల గణన. ఏటా రెండుకోట్లకు పైగా శిశువులు జన్మించు మన దేశమున ఈ లెక్కచొప్పున 30,000 మందికి తక్కువ యుండరు. గ్రహణనియమము లెరుగని దేశములందును ఈ మొర్రి కలదు. గ్రహణమునాడు బయట తిరిగి చక్కని బిడ్డలను కన్నవారు కోట్లకొలది. వారి నెవరును లెక్కింపరు.

పిండమునకు పైపెదవి ఏడవ వారము నాటికే అతుకుకొనును. అంగిలి మూడవ నెల ముగియులోపల కలిసికొనును. పెదవి కూడునప్పటికి పెక్కుమంది స్త్రీలకు తాము గర్భవతులమను నిశ్చయమే యుండదు. మనము చీకటిగదిలో కదలక మెదలక పరుండబెట్టి, మంచినీరైన నీయక మాడ్చునది ఏడవ నెల, ఎనిమిదవ నెల గర్భిణులను! దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినట్లున్నది మన జాగ్రత్త.

కారణములు వేరు. వంశమునుండి వచ్చు లక్షణములు, పొగాకు, మద్యము, తల్లికి ముందునుండియున్న మధుమేహము, మూర్ఛకు వాడు కొన్ని మందులు, ఇవి మొర్రికి తోడ్పడునని తేలినది. మూర్ఛరోగులు మందును తామై మానక, గర్భము ధరింపకముందే వైద్యుని అడుగవలెను. పెక్కుచోట్ల ఇదియే కారణమని వ్రేలు చూపుటకు వీలుకాదు. వీలుకానిచోట తల్లిని చూపుట యే ధర్మము?

1868 ఆగస్టు 18వ తేదీని ఫ్రాన్సు దేశీయుడగు జాన్సెన్ మన గుంటూరునకు వచ్చి, సంపూర్ణ సూర్యగ్రహణమును పరిశీలించి, సూర్యునిపై లేచు జ్వాలలు ప్రజ్వలించు వాయువులని గ్రహించెను. పరదేశి మన యూర గ్రహణమును చూచి జ్ఞానము గడించెను. మనము తలుపులు మూసికొని నింద గడించితిమి. సూర్యగ్రహణమును వట్టి కంటితో చూచిన కన్ను చెడును. అది గర్భిణికే కాదు, ఎల్లరకును.

ఈ నిందవలన కలుగు గొప్ప కీడు కాలహరణము. పాపఫలమని బిడ్డను దాచిన యింట చికిత్స ఆలస్యమగును. అంగిలి చీలిన శిశువు పాలు చీకలేదు. తల యెత్తిపట్టి ఉగ్గుగిన్నెతో పోయవలెను. పెదవిని మూడవ నెల మొదలు ఆరవ నెలలోపల, అంగిలిని ఒకటిన్నర యేడు నిండకముందు శస్త్రచికిత్సచే కుదుర్తురు. అంగిలి ఆలస్యమైన మాట ముక్కుతో వచ్చును. పిదప దిద్దుట కష్టము. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున ఈ లోపమును కనిపెట్టి ఉచితముగా చికిత్స చేయించు నేర్పాటున్నది.

కావున గృహిణులారా, ఆ పేరునుండి గ్రహణమును తొలగింపుడు, మొర్రియన్న చాలును. పంచాంగము మూసి బిడ్డను ఆసుపత్రికి గొనిపొండు. రాబోవు గ్రహణమునాడు గర్భిణియైన కోడలికి వేళకు అన్నము పెట్టుడు.