నమ్మగోరు మనసు

దేవుడున్నాడని నిస్సంశయముగా నమ్మువారు కొందరు. లేడని నిస్సంశయముగా చెప్పువారు మరికొందరు. ఈ ఇరువర్గముల వాదోపవాదములతోనే సభలును పత్రికలును నిండుచుండును. కాని వీరి నడుమ మూడవవాడొకడున్నాడు. నమ్మవలెనను కోరిక అతనికి గాఢముగా నున్నది. నమ్మకము మాత్రము కలుగుట లేదు. భక్తుల నడుమ నతడు తన్ను తాను కపటిగా తలచుకొని కుములును. నాస్తికుల నడుమ పిరికివానివలె ముడుచుకొని పోవును. వాదమునకు పనికిరాడు గనుక అతని మాట ఎవరును అడుగరు. అతని వేదన మాత్రము ఆ ఇరువురి నిశ్చయము కంటె తక్కువ గౌరవింపదగినది కాదు.

అతడు దూరమున నున్నవాడు కాడు. ఉన్నత పాఠశాలలో చదువుకొను పదునైదేండ్ల బాలుడు గావచ్చును, బాలిక గావచ్చును. ఒక్కొక్కప్పుడు ఆ తరగతికి పాఠము చెప్పు ఉపాధ్యాయుడే గావచ్చును. ప్రార్థనాగీతము నందరితో పాటు పాడును. సైన్సు పాఠములో కారణము లేనిదే కార్యము లేదని నేర్చును. ఇంట తల్లి దీపము వెలిగించునప్పుడు ఆమె ముఖమున కనిపించు శాంతి తనకును దక్కవలెనని కోరును. శాంతి కావలెను, దానికై తనతో తాను అబద్ధమాడుట ఇష్టము లేదు. ఇదియే అతని సంకటము.

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ఒకే రైలు మార్గముపై నున్న ఊళ్లు. 2022 ఏప్రిల్ నుండి మూడును శ్రీ సత్యసాయి జిల్లాలోనివి. ఈ సీమలో అడుగడుగునను ఒక గుడియో, మఠమో, దర్గాయో కనిపించును. సందేహమునకు కారణములును అంతకు తక్కువగా లేవు. పాత అనంతపురము జిల్లాలో సాలునకు సగటున పడు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేరుసెనగ విత్తి ఆకాశము వంక చూచుటయే ఇచ్చటి మెట్టరైతు బ్రతుకు. వానలు వెనుదీసినప్పుడు ఊరివారు విరాటపర్వము చదివింతురు. పిల్లలు కప్పను రోకటికి గట్టి ఇంటింటికి త్రిప్పి నీళ్లు పోయింతురు. పర్వము ముగియకమునుపే వాన కురిసిన యేండ్లు కలవు. ముగిసినను చినుకు రాలని యేండ్లును కలవు. పైరెండి, అప్పు మిగిలిన ఇంటిలోని బిడ్డ “దేవుడు వినలేదా?” అని అడిగినచో అది తలబిరుసుతనము కాదు. తండ్రి ముఖము చూచి పుట్టిన ప్రశ్న అది. దానిని కసరుటవలన ప్రశ్న చావదు. బిడ్డ నోరు మాత్రము మూతపడును.

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ఋగ్వేదము పదవ మండలములోని నాసదీయ సూక్తము సృష్టి ఎట్లు కలిగెనో విచారించి విచారించి, పరమాకాశమున నున్న అధ్యక్షునికైనను అది తెలియునో తెలియదో యను సందేహముతోనే ముగియును. ఆ సందేహమును వేదమునుండి ఎవరును తీసివేయలేదు. కఠోపనిషత్తులో నచికేతుడను బాలుడు యముని యెదుట నిలిచి, మరణించినవాడు ఇంకను కలడా లేడా యని అడుగును. సిరిసంపదలు చూపి మరపింపజూచినను ఆ బాలుడు ప్రశ్న విడువడు. యముడు కోపింపలేదు, ఇట్టి శిష్యుడు దొరకుట అరుదని సంతోషించెను. ఉపాధ్యాయులకు ఇంతకంటె మంచి గురుపాఠము వేరొకటి లేదు.

తెలుగు విద్యార్థికి మరింత దగ్గరిది పోతన భాగవతములోని గజేంద్రమోక్షము. బలముడిగి, ఆశలుడిగి, మొసలి నోట చిక్కిన గజేంద్రుడు దేవుని పిలుచుచునే, లోకము చెప్పు ఆ దేవుడు నిజముగా నున్నాడో లేడో యని సందేహించును. ఆ సందేహమును ప్రార్థనకు ముందుగాని వెనుకగాని కాక, ప్రార్థన నడుమనే నిలిపినాడు పోతన. సందేహించినందుకు గజేంద్రుని మొర వినబడకుండ పోలేదు. పద్యము కంఠస్థము చేయించు పాఠశాలలలో ఈ అంశమును ఎత్తిచూపుట మాత్రము అరుదు. నమ్మకమును సందేహమును ఒకే గుండెలో ఒకే క్షణమున నుండవచ్చునని అంతటి భక్తకవి అంగీకరించిన తరువాత, సందేహించు పిల్లవానిని పాపి యనుటకు ఎవరికి హక్కున్నది?

ఈ సీమకు చెందిన గాథలును ఇదే తీరున నున్నవి. సాళువ నరసింహరాయలు తన్ను పొగడి పాడుమని కోరగా అన్నమాచార్యుడు నిరాకరించి సంకెలలు మోసెనను కథ పెనుకొండ రాజసభను గూర్చి చెప్పబడుచున్నది. అంతటి నిబ్బరము గల అన్నమయ్య కూడ తన అధ్యాత్మ సంకీర్తనలలో నిలకడలేని మనసును గూర్చి, వృథాగా గడచిన దినములను గూర్చి ఎన్నో మారులు వాపోయినాడు. 1408 నుండి 1503 వరకు జీవించి వేల సంకీర్తనలు రచించిన మహనీయునికి కూడ మనసు ఒక్కమారుగా లోబడలేదన్నమాట. అట్టియెడ పదునైదేండ్ల విద్యార్థికి అది లోబడలేదని సిగ్గుపడనక్కరలేదు.

అదే పెనుకొండలో బాబయ్య దర్గా కలదు. హిందువులును ముస్లిములును కలిసి మ్రొక్కు చోటది. ఆ మహాత్ముని గురువు ఒక పంటిపుల్ల నిచ్చి, విడిది చేసిన ప్రతిచోటను రాత్రి దానిని నాటుమనియు, అది చిగిర్చిన చోటనే నిలువుమనియు ఆజ్ఞాపించెనని చెప్పుకొందురు. పుల్ల పెనుకొండలో చిగిర్చెను. ఎండుపుల్ల చిగిర్చుట జరుగునా యని బుద్ధి అడుగును. అడుగుట దాని ధర్మము. కాని ఆ కథలో మరియొక సంగతి యున్నది. చిగురు ఒక్క ఉదయమే కనిపించినది. అంతకుముందు ఎన్నియో ఉదయములు ఎండుపుల్లయే కనిపించియుండవలెను. అయినను ఆ బాటసారి దానిని పెరికి, వెంట గొనిపోయి, మరునాటి రాత్రి మరల నాటినాడు. నమ్మగోరి నమ్మలేనివాడు ఆ చిగురువేయని ఉదయములలో నున్నవాడు. అతడు దారి తప్పినవాడు కాడు; దారిలో నున్నవాడు.

హిందూపురమునకు చేరువనున్న లేపాక్షి వీరభద్రాలయము అచ్యుతదేవరాయల కాలమున, విరూపణ్ణ, వీరణ్ణ యను సోదరుల పూనికతో వెలసినది. అచ్చటి కల్యాణమండపము నేటికిని అసంపూర్ణము. రాజధనమును గుడికి వెచ్చించెనను నేరము మోపబడగా విరూపణ్ణ తన కన్నులను తానే పెరికి గోడకు విసరెననియు, నాటితో పని ఆగెననియు జనశ్రుతి. పార్వతీ పరమేశ్వరుల పెండ్లికి వచ్చిన దేవతలు చెక్కబడిన కంబములు పైకప్పు లేకయే ఆకాశము క్రింద నిలిచియున్నవి. పూర్తికానంతమాత్రమున దానిని ఎవరును కూల్చలేదు. ఆ గుడిలోనే నేలనంటీ అంటని స్తంభమొకటి కలదు. వచ్చినవారెల్లరు దానిక్రింద గుడ్డ దూర్చి చూతురు. చూచి, ఆ చేతులతోనే దేవునికి నమస్కరింతురు. పరీక్షించుటకును నమస్కరించుటకును విరోధము లేదని ఆ యాత్రికులకు ఎవరును బోధింపనక్కరలేకపోయినది.

కదిరి సీమలోని కటారుపల్లె వేమన సమాధి యున్న చోటు. రాతికి మ్రొక్కుటను, వేషమును, ఆచారపు బూటకమును వేమనవలె ఎగతాళి చేసినవాడు తెలుగున లేడు. అయినను ఆయన నాస్తికుడు కాడు; బయట వెదకుట మాని లోపల వెదకుమనినవాడు. సి.పి. బ్రౌను 1829లో ఆయన పద్యములను అచ్చొత్తించెను. పాత అనంతపురము జిల్లాలోనే పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ 1928లో వేమనపై ప్రసిద్ధోపన్యాసములు చేసెను. అన్నమయ్య కీర్తనలకు స్వరములు కూర్చిన శర్మగారే, ఆచారములను తిట్టిపోసిన వేమనను గూర్చి అంత ఆదరముతో మాట్లాడినారు. ఈ రెండును ఒక్క పండితుని హృదయమున ఇమిడినప్పుడు ఒక పాఠశాలలో ఇముడకపోవుటకు కారణము లేదు.

వెలుపలి ప్రపంచమున జూచినను ఇదియే. 1884లో తండ్రి మరణించి, ఇంట తిండికే కరవైనప్పుడు నరేంద్రుడు దేవుని దయను తీవ్రముగా శంకించెను. ఆ నరేంద్రుడే వివేకానందుడయ్యెను. కలకత్తా మురికివాడలలో రోగులను చేరదీసిన మదర్ థెరిసా 1997లో మరణించిరి. 2007లో ఆమె లేఖలు వెలువడినప్పుడు లోకము విస్తుపోయినది. దేవుడు తనకు దూరమైనాడను చీకటి ఆమెను దశాబ్దముల పాటు వదలలేదు. ఆ చీకటిలోనే ఆమె ప్రతి ఉదయము లేచి రోగుల యొద్దకు పోయినది. విశ్వాసమనగా ఎల్లప్పుడు హృదయమున వెలుగు కలిగియుండుట యని తలచువారు ఈ లేఖలను తలపునకు తెచ్చుకొనవలెను.

రెండవ పక్షమును గూర్చియు న్యాయము పలుకవలెను. వెదకి వెదకి చివరకు దేవుడు లేడను నిశ్చయమునకు వచ్చువారు కలరు. ఆంధ్రదేశమున గోరా అని ప్రసిద్ధికెక్కిన గోపరాజు రామచంద్రరావు అట్టివారు. నాస్తికుడనని చాటుకొనుచునే అస్పృశ్యతా నివారణకు కృషి చేసిరి. ఆయనతో గాంధీజీ 1944 నుండి పలుమారులు చర్చించిరి, దూరముగా నుంచలేదు. దైవమే సత్యమని చెప్పుచుండిన గాంధీజీ, సత్యమే దైవమని 1931 నాటికే మాట తిరుగవేసియుండుట ఇచ్చట గమనింపదగినది. సత్యమునకు కట్టుబడినవాడు ఏ వాకిట నిలిచినను గౌరవపాత్రుడే.

మరి నమ్మగోరువాడు చేయవలసినదేమి? ముందుగా ఒక పొరపాటును తొలగించుకొనవలెను. టెంకాయ కొట్టితిని గనుక పరీక్ష గట్టెక్కవలెను, మ్రొక్కితిని గనుక వాన కురియవలెను అనునది విశ్వాసము కాదు, బేరము. బేరము చెడినప్పుడు కూలునది ఆ లెక్కయే గాని దేవుడు కాదు. పిమ్మట, దేవుడను మాట గణితములోని ఉత్తరమువలె ఒక్క సాయంత్రమున తేలునదనుకొనరాదు. ధర్మవరపు పట్టుచీర నేయువాడు గుంటమగ్గమున కూర్చుండి దినముల తరబడి పోగు మీద పోగు పేర్చును. నేసినంతమేర ముందున్న కర్రకు చుట్టుకొనిపోవుచుండును. కన్నుల యెదుట నుండునది జానెడు బట్ట మాత్రమే. చీర మొత్తము మగ్గమునుండి దించినప్పుడు గాని కానరాదు. మొత్తము కనిపింపలేదని నేతగాడు పేక విసరుట మానడు. ఎదుటనున్న జానెడును తప్పులేకుండ నేయును. నమ్మకము తేలువరకు ఆగవలసిన పనులు లోకమున చాల కొన్ని. నిజము పలుకుటకు, పొరుగువాని ఆకలి తీర్చుటకు, తల్లిదండ్రులను ఆదరించుటకు దైవనిర్ణయము కొరకు కాచుకొననక్కరలేదు. ఆ పనులు చేయుచు ప్రశ్నను ప్రశ్నగానే నిలుపుకొనుటకు ధైర్యము కావలెను.

పాఠశాల బాధ్యత ఇంకను పెద్దది. భారత రాజ్యాంగము 25వ అధికరణమున అంతరాత్మ స్వేచ్ఛను ప్రసాదించినది. పూర్తిగా ప్రభుత్వ ధనముతో నడుచు విద్యాసంస్థలలో మతబోధ జరుగరాదనియు, ప్రభుత్వ గుర్తింపుగాని సహాయముగాని గల సంస్థలలో సమ్మతి లేనిదే ఎవరిని మతబోధకుగాని ఆరాధనకుగాని నిర్బంధింపరాదనియు 28వ అధికరణము చెప్పుచున్నది. 1976లో చేర్చిన ప్రాథమిక విధులలో శాస్త్రీయ దృష్టియు, మానవతయు, ప్రశ్నించు తత్వమును పెంపొందించుకొనుట యొకటి. ఇవి చట్టపు మాటలు. చట్టము బలవంతమును ఆపగలదు; ఎగతాళిని ఆపజాలదు. దానిని ఆపవలసినవాడు ఉపాధ్యాయుడే.

భక్తుడైన ఉపాధ్యాయుడు సందేహించు విద్యార్థిని నలుగురిలో మందలింపరాదు. హేతువాదియైన ఉపాధ్యాయుడు విభూతి పెట్టుకొని వచ్చిన విద్యార్థిని చూచి నవ్వరాదు. తండ్రిని పోగొట్టుకొన్న బిడ్డతో “అంతా దేవుని లీల” అని తొందరపడి చెప్పుటయు, “దేవుడే లేడు” అని చెప్పుటయు సమానముగా క్రూరములు. ఆ సమయమున చేయవలసినది ప్రక్కన కూర్చుండుట, చెప్పినది వినుట. తెలియనిదానిని తెలియదని ఒప్పుకొనుట గురువునకు లోపము కాదు. గజేంద్రమోక్షము పాఠమైన దినమున ఆ సందేహమును గూర్చి ఒక పావుగంట పిల్లలను నిర్భయముగా మాట్లాడనిచ్చినను చాలును. అంతవరకు తానొక్కడే ఇట్లున్నాడని తలచిన విద్యార్థి, తనవంటివారు తన బల్లమీదనే ఇద్దరున్నారని తెలిసికొనును.

నమ్మకమును ఎవరును ఎవరికిని దానము చేయజాలరు. దానిని వెదకుకొనుటకు సిగ్గుపడనక్కరలేని చోటును మాత్రము ఇవ్వగలరు. కంటికి కనిపించు నటన కంటె, కన్నీటితో కూడిన నిజాయితీయే మేలు. నటించువాడు వెదకుట మానివేసినాడు. సందేహించువాడు ఇంకను వెదకుచున్నాడు. అట్టి వెదకులాటకు తావిచ్చిన పాఠశాల, ఆ బిడ్డ తుదకు గుడివాకిట నిలిచినను, గుడిని దాటి సాగిపోయినను, తన పని తాను చేసినట్లే.