రింగులు తర్వాత, ముందు బోరు కొలిపించండి

పత్తి, మిరప సాళ్లలో వీడర్ తిప్పే రోజులు దగ్గరపడ్డాయి. షెడ్లలో పడున్న పవర్ వీడర్లు ఒక్కొక్కటే మెకానిక్ దగ్గరికి పోతున్నాయి. అందరిదీ ఒకటే కథ: నీలం పొగ, ఆయిల్ తాగేయడం, తాడు లాగితే చేతికి బిగువు తగలకపోవడం. మెకానిక్ మాట కూడా ఒకటే, "రింగులు పోయినై, మార్చేద్దాం." మనం సరే అని డబ్బులు తీస్తాం.

నా మాట ఏంటంటే, సిలిండర్ బోరు కొలవకుండా కొత్త రింగులు వేయించొద్దు. ఎంత మంచి మెకానిక్ అయినా సరే.

బోరు అంతా ఒకేలా అరగదు. పైరింగు పైదాకా వెళ్లి ఆగి వెనక్కి తిరిగే చోట ఎక్కువ అరుగుతుంది. వేడీ ఒత్తిడీ అక్కడ ఎక్కువ, ఆయిల్ తక్కువ. ఫిల్టర్ దాటొచ్చిన దుమ్ము ఎక్కువగా పనిచేసేదీ అక్కడే. అడుగున అంత అరుగుదల ఉండదు. పైగా కనెక్టింగ్ రాడ్డు పిస్టన్‌ని ఒక పక్కకి నెడుతుంది కాబట్టి ఆ వైపు ఇంకాస్త పోతుంది. అంటే పాత బోరు పైన వెడల్పు, కింద ఇరుకు, కొంచెం కోలగా తయారవుతుంది. కొత్త రింగేమో గుండ్రంగా ఉంటుంది. అది ఆ కోల బోరుకి అన్ని వైపులా ఆనదు. నాలుగు రోజులు బాగున్నట్టే ఉండి, సరిగ్గా కలుపు ముదిరిన టైముకి మళ్లీ పొగ మొదలవుతుంది. అప్పుడు కూలీలు దొరకరు, మిషనూ పని చేయదు.

"చూస్తే తెలిసిపోద్ది" అంటారు చాలామంది మెకానిక్‌లు. అనుభవాన్ని నేను తీసిపారేయను. నిలువు గీతలు, గోటికి తగిలే పైఅంచు మెట్టు, అల్యూమినియం అంటుకుని సాగిన మరక, ఇవన్నీ కంటికి కనపడతాయి. కానీ లెక్క చూడండి. మన వీడర్లలో చాలా ఇంజన్లకి అచ్చు లాంటిది హోండా జీఎక్స్200, 196 సీసీ. దాని కొత్త బోరు 68.00 మి.మీ. 68.165 దాటితే పనికిరాదని కంపెనీ పుస్తకమే చెబుతుంది. మంచికీ చెడ్డకీ మధ్య తేడా రెండు వెంట్రుకల మందం. ఏ కన్ను పడుతుంది దాన్ని? మామూలు వర్నియర్ కూడా నమ్మకంగా పట్టదు. బోర్ గేజ్, మైక్రోమీటర్ కావాలి. టౌన్లో రీబోరింగ్ చేసే లేత్ షాపుల్లో ఉంటాయి. పైన, మధ్యన, కింద మూడు చోట్ల, ఒక్కో చోట అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి, మొత్తం ఆరు కొలతలు తీయమనండి. పిస్టన్‌ని స్కర్టు అడుగు నుంచి సెంటీమీటరు పైన, పిన్నుకి అడ్డంగా కొలవాలి. అది కొత్తలో 67.985, లిమిట్ 67.845. బోరుకీ పిస్టన్‌కీ మధ్య సందు 0.12 దాటకూడదు. మీ ఇంజను వేరే కంపెనీదైతే దాని పుస్తకంలో అంకెలే చూడండి. 70 మి.మీ. బోరువి కూడా ఉన్నాయి, వాటికి ఈ అంకెలు పెట్టకండి.

లేత్ షాపు దూరమైతే ఫీలర్ గేజ్ ఒకటి కొనుక్కోండి, పురుగుమందు డబ్బా అంత ఖరీదు కూడా ఉండదు. పిస్టన్ బయటికి తీశాక, ఒక రింగుని బోరులో పెట్టి, పిస్టన్‌ని తలకిందులుగా పట్టుకుని దాంతో తోయండి, రింగు వంకర లేకుండా కూర్చుంటుంది. ముందు బాగా కిందికి, రింగులు తిరగని చోటుకి తోసి, రింగు కొసల మధ్య సందు చూడండి. తర్వాత పైన, మెట్టు కిందుగా పెట్టి చూడండి. కింద 0.30, పైన 0.80 వచ్చిందనుకోండి. తేడా 0.50. దాన్ని 3.14 పెట్టి భాగిస్తే సుమారు 0.16. పైన బోరు అంత పెరిగిందన్నమాట, అంటే లిమిట్ దగ్గరికి వచ్చేసినట్టే. కోలగా అరిగిందా లేదా అన్నది మాత్రం ఈ పద్ధతిలో తెలీదు, దానికి బోర్ గేజే కావాలి.

అసలు ఇంజను విప్పకముందే ఇంకోటి చూడండి. ప్లగ్ తీసి ఆ రంధ్రంలో చెంచాడు ఇంజనాయిల్ పోసి, ప్లగ్ బిగించి తాడు లాగండి. బిగువు పెరిగితే లీకు రింగుల దగ్గర. పెరగకపోతే వాల్వులు చూడమనండి. 0.6 లీటరు పట్టే ఇంజనులో లీటరు పోసి పొగొస్తోందని వచ్చేవాళ్లూ ఉన్నారులెండి.

బోరు లిమిట్ దాటితే రీబోరింగే. ఈ రకం ఇంజన్లలో లోపల పోత ఇనుము స్లీవ్ ఉంటుంది, 0.25, 0.50, 0.75 ఓవర్‌సైజ్ పిస్టన్లు వస్తాయి. పిస్టన్ చేతికొచ్చాకే, దాన్ని కొలిచి దానికి తగ్గట్టు బోరు కొట్టించాలి. ముందు బోరు కొట్టించి తర్వాత పిస్టన్ కోసం తిరిగితే చిక్కే. హోనింగ్ అయ్యాక పెట్రోలుతో తుడిచి ఊరుకుంటే రాతిపొడి గీతల్లో ఉండిపోతుంది. సబ్బు, వేడినీళ్లతో బ్రష్ పెట్టి కడిగి, తెల్లగుడ్డ నల్లబడనంత వరకు తుడిచి, వెంటనే ఆయిల్ పూయాలి. టూస్ట్రోక్ స్ప్రేయర్ల సంగతి వేరు. వాటిలో చాలావాటికి లోపల గట్టి పూత ఉంటుంది, బోరు కొట్టించే పని కాదు, సిలిండర్ పిస్టన్ సెట్టే మార్చాలి.

కార్బరేటర్ ముందు, ఫిల్టర్ తర్వాత ఉండే దారిలో వేలికి గుడ్డ చుట్టి తుడవండి. మన్ను అంటిందా, ఫిల్టరో దాని ప్యాకింగో దుమ్ము వదులుతున్నట్టే. అది సరిచేయకుండా కొత్త బోరు వేయిస్తే అదీ పాతదాని దారే పడుతుంది. క్రాంకు పిన్ను, కనెక్టింగ్ రాడ్డు కూడా పోయుంటే మొత్తం ఖర్చు ఒక కాగితం మీద వేసుకుని కొత్త ఇంజను ధరతో పోల్చుకోండి. అప్పుడు బాగుచేయించడమే నష్టం కావచ్చు.

మెకానిక్‌ల వైపు నుంచీ ఒక మాట. సీజన్లో పది మిషన్లు లైన్లో ఉంటే కొలతలకి టైమెక్కడిది, దానికి డబ్బులెవరిస్తారు అని వాళ్లు అడిగేది న్యాయమే. సామాను ధర అడిగినంత ఇచ్చి కూలీ దగ్గర బేరమాడటం మనకి అలవాటు. కొలతకి విడిగా డబ్బులిస్తామని ముందే చెప్పండి. వీలైతే పని లేని వేసవిలోనే విప్పించండి. ఆరు కొలతలూ, పిస్టన్ సైజూ బిల్లు మీద రాయించుకుని, పాత పిస్టన్, రింగులు ఇంటికి తెచ్చుకోండి. రెండేళ్ల తర్వాత మళ్లీ విప్పినప్పుడు ఎంత అరిగిందో ఆ కాగితమే చెబుతుంది. వీడర్ అమ్మాల్సి వచ్చినా కొనేవాడికి చూపించడానికి పనికొస్తుంది.