భీమన్నకు జిల్లా పడిన బాకీ

కోనసీమ అనగానే కొబ్బరి తోటలనూ, గోదావరి పాయలనూ, వేదపండితుల అగ్రహారాలనూ తలుచుకోవడం తెలుగు సాహిత్యానికీ సినిమాకూ ఎంతగా అలవాటైపోయిందంటే, ఆ తోటల్లో దింపులు తీసి, ఆ చేలల్లో నాట్లు వేసి, ఊరికి ఎడంగా తాటాకు గుడిసెల్లో బతికినవారి కోనసీమ ఒకటి ఉందన్న సంగతే చాలామందికి తట్టదు. ఆ రెండో కోనసీమను తెలుగు కవిత్వంలోకీ నాటకంలోకీ తెచ్చిన బోయి భీమన్న 1911 సెప్టెంబరు 19న రాజోలు తాలూకా మామిడికుదురులో ఒక దళిత కుటుంబంలో పుట్టి, 2005 డిసెంబరు 16న హైదరాబాదులో కన్నుమూశారు. 1973లో పద్మశ్రీ, 1975లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం, 2001లో పద్మభూషణ్ అందుకున్న కవికి ఇంకా ఏం చేయాలని అడిగేవారు ఉండవచ్చు. అవన్నీ ఢిల్లీ ఇచ్చిన గౌరవాలు. సొంత జిల్లా చెల్లించవలసిన బాకీ వేరే ఉంది, అది పూలదండలతో తీరేది కాదు.

స్వాతంత్ర్యానికి ముందే ఆయన రాసిన ‘పాలేరు’ నాటకం దగ్గరే ఈ లెక్క మొదలుపెట్టాలి. పాలేరు అంటే ఏడాదికి ఇంత అని జీతం కుదుర్చుకుని, ఆసామి పశువులకూ పొలానికీ పగలనక రాత్రనక కట్టుబడి పనిచేసే మనిషి. తండ్రి అప్పు తీరక కొడుకు కూడా అదే గుమ్మంలో పాలేరుగా చేరడం ఆ రోజుల్లో వింత కాదు. 1922లో వెలువడిన ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ దళితుల జీవితాన్ని నవలకు కేంద్రం చేసిన గొప్ప రచనే అయినా, అది ఆ జీవితాన్ని ప్రేమతో బయటి నుంచి చూసిన రచన. భీమన్న ఆ పల్లెలోంచే వచ్చి, పాలేరు కుర్రవాడు వెంకన్నను బడికి పంపి, చదివించి, డిప్యూటీ కలెక్టరుగా తిరిగి రప్పించారు. ఒక్కడు అధికారి అయినంత మాత్రాన వ్యవస్థ మారుతుందా అని నేటి విమర్శకులు అడిగితే ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. అయితే, దళిత బాలుడికి పలక అందడమే గగనమైన కాలంలో, అతణ్ణి అధికారిగా రంగస్థలం మీద నిలబెట్టడం ఎంతటి సాహసమో ఆ పందిళ్ల కింద కూర్చుని నాటకం చూసిన పాలేర్లకు తెలుసు. అది చూసి పని మాని బడిబాట పట్టిన కుర్రవాళ్ల గురించి ఆ తరం చాలాకాలం చెప్పుకున్నది. తెలుగు నాటక చరిత్రలో ఇంతటి ప్రత్యక్ష ఫలితం చూపగల రచనలు అరుదు.

అకాడెమీ పురస్కారం తెచ్చిన ‘గుడిసెలు కాలిపోతున్నై’ కవితా సంపుటి స్వరం వేరు. వేసవిలో నిప్పురవ్వ పడి తాటాకు కప్పులు అంటుకోవడం గోదావరి జిల్లాల్లో ఏటా జరిగే ప్రమాదంగానే లోకం చూసింది. కాలేవి ఎప్పుడూ ఆ గుడిసెలే ఎందుకయ్యాయని భీమన్న నిలదీశారు.

ఆయనను సన్మానించేవారు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతారు, చిక్కంతా అక్కడే ఉంది. ‘రాగవైశాఖి’లో ప్రేమను అంత ఆర్ద్రంగా పలికిన భావకవినీ, వ్యాసవాల్మీకులను తమ వంశంవారిగా చెప్పుకుని ప్రాచీన సంప్రదాయం మీద దళితుల హక్కును ప్రకటించిన ఆలోచనాపరుణ్ణీ పక్కనపెట్టి, ‘దళిత కవి’ అన్న ఒక్క చీటీ అంటించి గూట్లో పెట్టడం ఆయనను తగ్గించడమే. సంప్రదాయంతో ఆయనకున్న ఆ అనుబంధం తరువాతి తరం దళిత ఉద్యమకారులలో కొందరికి మింగుడుపడలేదు. సంప్రదాయవాదులకు ఆయన అడిగిన ప్రశ్నలు అసలే రుచించలేదు. ఇరుపక్షాలనూ ఇబ్బంది పెట్టిన రచయితను అనుకూలమైన మేరకు కత్తిరించి పూజించడం కంటే, మొత్తంగా చదివి విభేదించడమే ఎక్కువ మర్యాద.

కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టాలన్న ప్రతిపాదనపై 2022 మే 24న అమలాపురంలో అల్లర్లు చెలరేగి, ఒక మంత్రి ఇల్లూ ఒక శాసనసభ్యుడి ఇల్లూ తగలబడ్డాయి. ఆ పేరు చివరికి ఖాయమైంది. నేడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాగా వ్యవహరిస్తున్న ఈ గడ్డ మీదే పుట్టి, అంబేద్కర్ భావాలను తెలుగు పాఠకులకు చేర్చడానికి కలం పట్టిన తొలితరం రచయితను జిల్లా బడుల్లో పిల్లలు ఎరగకపోతే, పేరు మార్పు కేవలం బోర్డుల మార్పుగానే మిగులుతుంది.

అందుచేత ప్రభుత్వం ముందుగా భీమన్న సమగ్ర రచనలకు పరిష్కృత ముద్రణ, అంటే వివిధ ముద్రణల పాఠాలను పోల్చి, తేదీలూ వివరణలూ జోడించి పండితులు సిద్ధం చేసే ప్రామాణిక ప్రతి, తీసుకురావాలి. ఆయన ఉత్తరాలూ చేతిరాతలూ ఎక్కడెక్కడ ఉన్నా సేకరించి, అమలాపురంలో ఒక పరిశోధన గ్రంథాలయంలో భద్రపరచాలి. విశ్వవిద్యాలయాలు ‘పాలేరు నుంచి పద్మశ్రీ వరకు’ అన్న ఆయన ఆత్మకథను సామాజిక చరిత్రకు ఆధారగ్రంథంగా బోధించాలి. వీటన్నిటికీ నిధులు మంజూరయ్యేదాకా ఆగనవసరం లేని పని కూడా ఒకటుంది: వచ్చే సెప్టెంబరు 19న అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లోని సంక్షేమ వసతిగృహాల విద్యార్థులచేత జిల్లా యంత్రాంగం ‘పాలేరు’ను ఆడించాలి, ఊరి పెద్దలు ముందు వరసలో కూర్చుని ఆ నాటకాన్ని చివరిదాకా చూడాలి.