సాక్ష్యం చెరిగితే న్యాయం చెరిగినట్లే

నేరస్థలంలో దొరికిన రక్తపు మరకకు, తూటాకు మతం లేదు, హోదా లేదు. అందుకే బాధితునికైనా, అన్యాయంగా ఇరుక్కున్న నిందితునికైనా చివరి ఆశ అవే. అయితే వాటిని భద్రపరచవలసింది పోలీసులు. నిందితులూ పోలీసులే అయినప్పుడు?

హాషింపురాను మనం మరువలేదు. 1987 మే 22 రాత్రి మీరట్‌లోని ఆ పేట నుంచి పి.ఎ.సి. జవాన్లు ముస్లిం పురుషులను లారీలో ఎక్కించుకుపోయి కాలువ గట్టున, నది ఒడ్డున కాల్చి చంపారు. ఆ లారీలో ఉన్నది ఈ జవాన్లేనని రుజువు కాలేదంటూ 2015లో విచారణ కోర్టు పదహారు మందిని విడుదల చేసింది. 2018 అక్టోబరు 31న ఢిల్లీ హైకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చి వారికి యావజ్జీవ శిక్ష విధించింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ జోక్యంతో అదనపు సాక్ష్యానికి అనుమతి లభించడం, ఆ దళపు జనరల్ డైరీ కోర్టు ముందుకు రావడం అందుకు కీలకమయ్యాయి. ఒక రిజిస్టరు మిగిలి ఉన్నందువల్లనే ముప్పై ఒక్క ఏళ్లకు ఆ తీర్పు వచ్చింది. అదీ చెదల పాలై ఉంటే?

2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడగల నేరాలలో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలంటోంది. దీనిని స్వాగతిస్తున్నాం. కాని అదే చట్టంలోని 497వ సెక్షను, స్వాధీనపరచుకున్న వస్తువులను వివరాలు నమోదు చేసి, ఫొటోలు తీయించిన తరువాత ముప్పై రోజుల్లో పరిష్కరించమంటోంది. ఆ పరిష్కారంలో ధ్వంసం కూడా ఒకటి. వాహనానికో నగదుకో ఇది సబబే. రక్తపు మరకల వస్త్రానికి ఫొటో ఎలా ప్రత్యామ్నాయమవుతుంది? ఫొటో నుంచి డి.ఎన్‌.ఎ. తీయలేము కదా!

డి.ఎన్‌.ఎ. నమూనాలు 48 గంటల్లో ప్రయోగశాలకు చేరాలని, అవి ఎవరెవరి చేతులు మారాయో తెలిపే రిజిస్టరును నిందితునికి శిక్ష పడేవరకు లేదా విడుదలయ్యేవరకు నిర్వహించాలని 2025 జులైలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ కేసులో మరణశిక్ష పడిన వ్యక్తి నిర్దోషిగా విడుదలయ్యాడు. ఆధారాల పట్ల అలక్ష్యం ఒక మనిషిని ఉరికంబం దాకా నడిపించగలదని అర్థం.

కనుక మేము కోరేది మూడే. జీవసంబంధ నమూనాలను చివరి అప్పీలు ముగిసి, శిక్ష పూర్తయ్యేవరకు భద్రపరచాలి. పోలీసులే నిందితులైన కేసుల్లో ఆధారాలు మొదటి రోజు నుంచే కోర్టు అధీనంలో ఉండాలి. నిందితుని న్యాయవాదికి నోటీసు ఇవ్వకుండా ఏ వస్తువునూ నాశనం చేయరాదు. సాక్ష్యాన్ని కాపాడలేని రాజ్యం న్యాయం చేస్తానంటే ఎవరు నమ్ముతారు?