నోట్లు లెక్కపెట్టారు సరే, బాధితుల మాటేమిటి?

2022 సెప్టెంబర్ 10న కోల్‌కతా గార్డెన్ రీచ్‌లో ఒక వ్యాపారి ఇంట్లో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ సోదాలు జరిపింది. దొరికిన నోట్లను లెక్కపెట్టడానికి బ్యాంకు సిబ్బందిని, యంత్రాలను రప్పించవలసి వచ్చింది. తేలిన మొత్తం రూ.17.32 కోట్లు. ‘ఈ-నగ్గెట్స్’ అనే మొబైల్ గేమ్ యాప్ పేరిట జనం నుంచి రాబట్టిన సొమ్ము వ్యవహారంలోనే ఈ సోదాలు జరిగాయని ఈడీ ప్రకటించింది.

గార్డెన్ రీచ్ తెలుగువారికి బొత్తిగా కొత్త పేరు కాదు. ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం అక్కడే ఉంది. 2003లో తూర్పు కోస్తా రైల్వేలో చేరేవరకు వాల్తేరు డివిజన్ దస్త్రాలు ఆ కార్యాలయానికే వెళ్లేవి. ఓడరేవు, నౌకా నిర్మాణ కేంద్రం, పక్కనే మెటియాబ్రూజ్ దర్జీల వాడ: ఒంటి కష్టం మీద బతికేవారి ప్రాంతమది. అక్కడ బయటపడిన ఆట మాత్రం, కష్టం లేకుండా బహుమతి వస్తుందన్న ఆశ మీద నడిచింది.

బహుమతి చూపి ఆటగాణ్ని నిలబెట్టుకోవడం వీడియో గేమ్ పరిశ్రమలో పాత విద్యే. అమెరికన్ బేస్‌బాల్ గేమ్ ‘ఎంఎల్‌బీ ది షో’ను చూడవచ్చు. అందులోని ‘డైమండ్ డైనస్టీ’ విభాగంలో క్రీడాకారుల కార్డులతో జట్టు కట్టుకోవాలి. కార్డులు ప్యాక్‌ల రూపంలో వస్తాయి. ఆటలో అప్పగించిన పనులు పూర్తిచేసి వాటిని గెలుచుకోవచ్చు; ‘స్టబ్స్’ అనే ఆటలోని నాణేలతో కొనుక్కోవచ్చు. ఆ నాణేలను కావాలంటే అసలు డబ్బుతోనూ కొనవచ్చు. అందుకే ఆరితేరిన ఆటగాళ్లు ఏ పోటీ ఆడితే గంటకు ఎన్ని ప్యాక్‌లు దక్కుతాయో, ఏ కార్డు ఎప్పుడు అమ్మితే లాభమో లెక్కలు వేస్తుంటారు. జేబులో చెయ్యి పెట్టకుండా ఓపికతో జట్టు కట్టడమే వారికి గొప్ప.

ఇందులోనూ వ్యసనం లేకపోలేదు. ప్యాక్ విప్పితే ఏమొస్తుందో తెలియని ఉత్కంఠే దాని బలం. ఇలాంటి ‘లూట్ బాక్స్’లు జూదమేనని బెల్జియం గేమింగ్ కమిషన్ 2018లో తేల్చింది. అయినా ఒక తేడా స్పష్టం. బేస్‌బాల్ గేమ్‌లో గెలిచినది ఆటలోనే ఉండిపోతుంది. దాన్ని రూపాయలుగా మార్చి చేతిలో పెడతామని ఆ సంస్థ ఎవరికీ మాట ఇవ్వదు. ఖర్చుపెట్టేవాడికి అది ఖర్చేనని తెలుసు.

ఈ-నగ్గెట్స్ ఇచ్చిన మాట సరిగ్గా అదే. ఈడీ వివరణ ప్రకారం, మొదట్లో వాడకందారులకు కమీషన్ జమయ్యేది. వాలెట్‌లోని సొమ్మును ఏ ఇబ్బందీ లేకుండా వెనక్కి తీసుకోనిచ్చారు. చేతికి డబ్బు రావడంతో నమ్మకం కుదిరింది. మరింత కమీషన్ కోసం జనం మరింత పెట్టారు. తగినంత పోగయ్యాక, వ్యవస్థను మెరుగుపరుస్తున్నామని, దర్యాప్తు జరుగుతోందని సాకులు చెప్పి చెల్లింపులు ఆపేశారు. చివరకు ఖాతాల వివరాలతో సహా సమాచారమంతా సర్వర్ల నుంచి తుడిచేశారు. తొలి బహుమతి ఎరేనని అప్పటికిగానీ అర్థం కాలేదు.

ఇక రాజ్యం పనితీరు చూద్దాం. ఒక బ్యాంకు ఫిర్యాదుతో పార్క్ స్ట్రీట్ పోలీసులు ఎఫ్‌ఐఆర్ నమోదు చేసింది 2021 ఫిబ్రవరి 15న. ఈడీ గార్డెన్ రీచ్ తలుపు తట్టింది పందొమ్మిది నెలల తరువాత. అప్పటికే సొమ్ములో కొంత క్రిప్టో కరెన్సీగా రూపం మార్చుకుంది. ఆ నెలాఖరుకు రూ.12.83 కోట్ల విలువైన బిట్‌కాయిన్లను ఈడీ స్తంభింపజేయవలసి వచ్చింది.

నోట్ల కట్టల ఫొటోలు బయటికి రాగానే రాజకీయం మొదలైంది. అంతకు రెండు నెలల ముందే ఉపాధ్యాయ నియామకాల కుంభకోణంలో గుట్టలుగా నగదు దొరికిన రాష్ట్రమది. ప్రతిపక్షం వేలు అధికార పక్షం వైపు తిరిగింది. వ్యాపారులను బెదరగొట్టడానికే కేంద్ర సంస్థలను ఉసిగొల్పుతున్నారని అధికార పక్షం ఎదురుదాడి చేసింది. డబ్బు ఎవరి ఇంట్లో దొరికిందన్నదే చర్చ అయింది. ఎవరి జేబులోంచి వచ్చిందన్నది పక్కకుపోయింది.

ఆ తరువాత కేంద్రం ఆన్‌లైన్ గేమింగ్ చట్టం తెచ్చింది. 2025 ఆగస్టులో ఉభయసభలూ రెండు రోజుల్లో, గందరగోళం నడుమ, దాన్ని ఆమోదించాయి. డబ్బు పందెం ఆటలు నడిపితే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఈ దారి పట్టాయి. నిషేధం వెనుక ఉన్న ఆవేదనను కాదనలేము. కానీ ఈ-నగ్గెట్స్ వంటి మోసం 2021లోనూ నేరమే. అప్పటి శిక్షాస్మృతిలో 420 సెక్షన్ ఉండనే ఉండేది. లోపించింది చట్టం కాదు, వేగం. నిషేధిత ఆటల జాబితా ఎంత పెంచినా, ఎఫ్‌ఐఆర్‌కూ సోదాకూ మధ్య పందొమ్మిది నెలలు గడిచే చోట మోసగాడిదే పైచేయి.

చేయవలసిన పనులు మూడు. చెల్లింపులు ఆపేసిన యాప్ తాలూకు బ్యాంకు ఖాతాలను నెలల్లో కాదు, గంటల్లో స్తంభింపజేసే ఏర్పాటు ఉండాలి. డబ్బుతో కొనే ప్రతి ప్యాక్‌లో ఏది దక్కే అవకాశం ఎంతో ముందే ప్రకటించాలన్న నిబంధన రావాలి. అన్నింటికన్నా ముఖ్యం, జప్తు చేసిన సొమ్ము బాధితులకు చేరాలి. మనీలాండరింగ్ నిరోధక చట్టం 8(8) సెక్షన్ ప్రకారం, విచారణ సాగుతుండగానే నిజమైన హక్కుదారులకు ఆస్తులు తిరిగి ఇప్పించే అధికారం ప్రత్యేక కోర్టుకు ఉంది.

ఈ దారి ఎంత దూరమో అగ్రిగోల్డ్ డిపాజిటర్లకు తెలుసు. ఆ సంస్థ కుప్పకూలిన దాదాపు పదేళ్లకు, 2025లో, ఈడీ జప్తు చేసిన వేల కోట్ల ఆస్తులు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చేతికి వచ్చాయి. అవి డిపాజిటర్ ఇంటికి చేరడం మరో అంకం. సర్వర్లలో తన పేరే చెరిగిపోయిన ఈ-నగ్గెట్స్ బాధితుడికి డిపాజిటర్ దాచుకున్న బాండు కాగితం పాటి ఆధారమైనా లేదు. బ్యాంకు, యూపీఐ లావాదేవీల చిట్టాను వెలికితీసి అతని హక్కును నిరూపించవలసిన బాధ్యత రాజ్యానిదే. గార్డెన్ రీచ్‌లో నోట్ల కట్టలు లెక్కపెట్టడానికి పట్టింది గంటలు. వాటిని సొంతదారులకు అప్పగించడానికి పట్టే కాలాన్ని బట్టే ప్రభుత్వాల చిత్తశుద్ధిని కొలవాలి.